ఖాళీ గడి

మొదటిరోజు నేను గీసిన వృత్తాన్ని చూసి
ఇల్జె పెదవి విరిచింది.
పదకొండు ముక్కలు, పదకొండు రంగులు,
పైగా పక్కకి వాలిన నీడ.
"ఎవరి పుట్టినరోజు?" అంది.
అందరూ నవ్వారు. నేనూ నవ్వాను,
నలభై ఆరేళ్ల వయసులో బెంచీ మీద కూచుని
నవ్వక ఏం చేస్తాను.

ఉలాన్‌బాతర్‌లో జనవరి అది.
కిటికీ అవతల బొగ్గుపొగ
ఊరిని సగం చెరిపేసి కూర్చుంది.
మంత్రిత్వశాఖ మూడో అంతస్తులో మేం తొమ్మిదిమంది
ఉప్పు వేసిన పాల టీ చల్లార్చుకుంటూ
నేర్చుకుంటున్నాం,
ఏమేం తీసెయ్యాలో.

నీడ తీసెయ్. వెనక గళ్లు తీసెయ్.
స్తంభం కాళ్లు సున్నా మీద ఉండాలి,
మనకి అనువైన అంకె మీద కాదు.
ఎరుపునీ పచ్చనీ పక్కపక్కన పెట్టకు,
ఆ తేడా తెలియని కళ్లు ప్రతి సభలోనూ ఉంటాయి.
బాన్‌లో మనకిచ్చేది మూడు నిమిషాలు,
అందులో ఒకటి మైకు సర్దుకోడానికే.

ఇరవై ఏళ్లు పట్టికలు రాశాను.
గుర్రం, ఒంటె, ఆవు, గొర్రె, మేక...
ఐదు మూతుల సంపద, ఐదు నిలువు వరసలు.
జుద్ వచ్చిన ఏడు,
మంచు కరిగినట్టే కరిగి మళ్లీ బిగిసి
గడ్డి మీద గాజుమూత వేసిన ఏడు,
ఆరో వరస గీసేదాన్ని: పోయినవి.
నూట నలభై పేజీలు
విమానమెక్కి వెళ్లి, మడత నలక్కుండా తిరిగొచ్చేవి.

ఇప్పుడు ఒక్కటే పటం.
ఎక్కువ చచ్చిన చోట ముదురు నీలం,
తక్కువ చచ్చిన చోట పలచన.
ఇల్జె కుర్చీ దగ్గరికి లాక్కుని
చాలాసేపు ఏమీ అనలేదు.
ఆమె మెచ్చుకోలు అంతేనని అప్పటికి తెలుసు నాకు.

ఇంటికెళ్లే బస్సులో ఫోన్ తీసి
మురిపెంగా మళ్లీ చూసుకుంటుంటే
ఉత్తరాన ఒక మండలం
పాలమీగడలా తెల్లగా ఉంది.
దేశం మొత్తంలో అంత క్షేమమైన చోటు లేదు.
అక్కడే కదా నెర్గుయి,
పశువుల డాక్టరు.

నెర్గుయి అంటే పేరు లేనిది అని.
ముందు పుట్టిన ముగ్గురూ దక్కకపోతే
చావు ఇంటిదాకా వచ్చినా ఆనవాలు పట్టకూడదని
తల్లి పెట్టిన పేరు.

పొద్దున్నే ఫోన్ చేశాను. తొమ్మిదోసారికి కలిసింది.
"లెక్కా? ఎవరు పెడతారమ్మా లెక్క?
డిసెంబరు నుంచీ దారే లేదు.
దోర్జ్‌ఖాంద్ వాళ్ల మంద
కొట్టం గోడవార నిలబడే గడ్డకట్టింది,
ఒకదాన్నొకటి ఆనుకుని.
పడిపోని దాన్ని చచ్చిందని ఎలా అనుకుంటాం,
దగ్గరికెళ్లి తడితే గానీ..."
లైను తెగింది.

పట్టిక తెరిచాను.
ఆమె మండలానికెదురుగా ఖాళీ గడి.
ఖాళీని చూసి సాఫ్ట్‌వేర్ తనకి తోచింది చేసింది,
సున్నా చుట్టింది.
ఆ సున్నాకి నేను, ఏరి కోరి,
అందమైన తెలుపు వేశాను.

లెక్కపెట్టకపోవడం, లెక్కచెయ్యకపోవడం
ఇంత దగ్గరి చుట్టాలని
ఇరవై ఏళ్లలో తోచలేదు నాకు.

తెలియనిదానికి ఏ రంగు?
బూడిదరంగు వెయ్యడం ఆనవాయితీ అంది ఇల్జె.
బూడిద వద్దనిపించింది.
ఏటవాలు గీతలు గీశాను, దగ్గరదగ్గరగా,
చలికి బిగుసుకున్న ఉన్నిలా.
కింద రాశాను:
దారి మూసుకుపోయింది. ఎవరూ వెళ్లలేదు.

డైరెక్టరుగారికి నచ్చలేదు.
"మన లోటు మనమే చూపించుకోవాలా వాళ్లకి?
తీసెయ్యండి."
"తీసెయ్యడం బాగానే నేర్చుకున్నానండీ" అన్నాను.
అంతకంటే గొంతు పెగల్లేదు.
ఆయన గీతల్నే చూస్తూ ఉండిపోయాడు.
ముదురు నీలాలన్నీ వదిలేసి
కళ్లు అక్కడికే పోతున్నాయి, ఆయనవి కూడా.

బాన్ వెళ్లే బృందంలో నా పేరు లేదు.
పటం వెళ్తుంది.
ఫైలుకి నాలుగోసారి ఫైనల్ అని పేరు పెట్టి
పంపించేసి,
నెర్గుయికి మళ్లీ ఫోన్ కలుపుతున్నాను.