విశేషం లేదు

పదకొండో రోజు.
గుడ్లు తిప్పడం తూదీ పని.
తెల్లారగానే అట్టపెట్టెలో ఒక్కోదాన్నీ తలకిందులు చేస్తాడు.
సొన ఒకే వైపు అంటుకుంటే కుళ్ళిపోతాయని
దువార్నెనే రేవులో చేపలమ్మే ముసలావిడ చెప్పింది.
తొమ్మిదేళ్ళవాడు.
ఈ పడవలో ఒక్కరోజైనా పనికి ఆలస్యం కానిది వాడొక్కడే.

మిగతా ముగ్గురం
మూడేసి గంటల వంతుల్లో బతుకుతున్నాం.
అమ్మ లేచిన పక్కలో నేను పడుకుంటాను,
నేను లేచిన పక్కలో నాన్న.
దిండు ఎప్పుడూ వెచ్చగానే ఉంటుంది,
ఎప్పుడూ ఎవరిదో ఒకరి తల వాసన.
అందరం ఒకేసారి మెలకువగా ఉండేది
మిట్టమధ్యాహ్నం,
ఎవరెక్కడున్నారో రేడియోలో చదివేటప్పుడు.

ఇరవయ్యారు పడవల్లో పందొమ్మిదోది మాది.
నిన్న పద్దెనిమిది.
అమ్మ పటం మీద పెన్సిల్ చుక్క పెట్టి
నిన్నటి చుక్క దాకా వేలితో కొలుస్తుంది.
నాన్న ఏమీ అనడు. ఉల్లిపాయ తరుగుతాడు.
బెలూన్ తెరచాప దించేద్దామన్నది ఆయనే,
వద్దన్నది ఆవిడ.
దించారు. వస్తుందన్న పెనుగాలి రాలేదు.
పోట్లాడుకోడానికి చోటు లేదిక్కడ,
విసురుగా వేసుకోడానికి తలుపైనా లేదు.
పొయ్యికీ పక్కకీ మధ్య ఒక కర్టెన్,
దాన్నే అమ్మ గట్టిగా లాగింది.
కొక్కెం ఊడింది.
తూదీ పళ్ళు తోముకునే దారంతో కుట్టేశాడు.

పగలంతా
ఉప్పునీళ్ళతో గిన్నెలు, ఉప్పునీళ్ళతో ఒళ్ళు,
ఆఖర్న ఒక్క గ్లాసు మంచినీళ్ళు,
జుట్టుకో ముఖానికో, నీ ఇష్టం.
బట్టలు ఆరినట్టే ఆరతాయి,
ఉప్పు పోయి మళ్ళీ తడిని పిలుచుకొస్తుంది.
ప్రెషర్ కుక్కర్లో కాల్చిన రొట్టె
పడవ ఒరిగిన వైపే పొంగుతుంది.
ఆ గూని చూసి చెప్పొచ్చు
ఇవాళ గాలి ఏ పక్కదో.
అణియం మీద రాత్రి వచ్చి పడ్డ ఎగిరే చేపలు,
వెన్నలో వేయిస్తే అన్నీ ముళ్ళే.
చరిత్ర పుస్తకంలో ఒకే పేజీ
మూడుసార్లు చదివాను.

రాత్రి పన్నెండింటికి నా వంతు.
లేపాల్సింది నాన్న.
లేపలేదు.
పడవ చప్పుడు మారి నాకే మెలకువొచ్చింది.
పొయ్యి మీద పాలు పెట్టి పడుకున్నవాళ్ళ నిద్ర మాది.

మెట్లెక్కి చూశాను.
అమరంలో కూర్చునే ఉన్నాడు నాన్న,
చెయ్యి చుక్కాని మీదే,
గడ్డం రొమ్ము మీదికి వాలిపోయి.
నడుము తాడు కొక్కేనికి తగిలించే ఉంది, ముందు అది చూశాను.
తర్వాత దిక్సూచి, ఎర్ర వెలుగులో:
వెళ్ళాల్సిన దారికి ముప్ఫై డిగ్రీలు పక్కకి పోతున్నాం,
ఎంతసేపట్నుంచో.

నవ్వొచ్చింది. భయం దాని వెనకాల వచ్చింది.

పిలవలేదు.
పక్కన చేరి, ఆయన చేతి మీద చెయ్యి వేసి
మెల్లిగా నా వైపు లాక్కున్నాను,
చుక్కానినీ, పడవనీ.
తెరచాప ఒకసారి పటపటలాడి సర్దుకుంది.
నిన్నట్నుంచీ నోరు విప్పని మనిషి
నా భుజం మీద బరువంతా వేసి గురక పెట్టాడు.
దూరంగా ఒక దీపం.
చుక్కో, పోటీ పడవో,
మాకంటే ముందో వెనకో తేల్చుకోలేకపోయాను.

మూడింటికి అమ్మ వచ్చింది, దుప్పటి చుట్టుకుని.
మా ఇద్దర్నీ చూసింది. దిక్సూచి చూసింది.
లాగ్ పుస్తకం తెరిచింది.
నాన్న రాయాల్సిన పన్నెండు గంటల గడి ఖాళీ.
చెవి వెనక పెన్సిల్ తీసి
ఆయన అక్షరాల్లాగే ఎడమకి వాల్చి తనే రాసింది:
గాలి ఈశాన్యం, పదిహేడు నాట్లు. విశేషం లేదు.

దుప్పటి ఆయన మోకాళ్ళ మీద వేసి
నన్ను పొమ్మంది.
వెళ్ళి ఆవిడ పక్కలో వాలాను.
దిండు చల్లగా ఉంది.

మధ్యాహ్నం రేడియో మాది ఇరవయ్యో స్థానమంది.
ఎవరం మాట్లాడలేదు.
తూదీ గుడ్లు లెక్కపెట్టి
తొమ్మిదే ఉన్నాయన్నాడు,
ఒకటి తన చేతిలోనే పగిలిందని
అడక్కుండానే ఒప్పేసుకున్నాడు.