ఒత్తులు

రువీల శుక్రవారం సాయంత్రం.
క్యాంపు బస్సు తొమ్మిదింటికి. ఆ లోపల తేల్చుకోవాలె.
అద్దాల బల్ల మీద రెండు పలకలు పెట్టి
కన్నూరు షంషీర్ చేతులు కట్టుకున్నడు.
"రెండూ మంచియే భాయ్" అంటడు.
అమ్మేటోడు ఇంకేమంటడు.

ఒకటి నలభై రెండు రియాళ్లు.
లోపల్నే దీపం, నీళ్లల్ల పడ్డా బతుకుతదట,
వేలు ఆనిస్తే చాలు పేజీ జారుతది.
ఇంకొకటి ఇరవై తొమ్మిది.
దీపం లేదు. పక్కన బొత్తం నొక్కితే
ఒక్క క్షణం నల్లగ కన్ను మూసి
అప్పుడు పేజీ ఇస్తది,
అడిగిన కాయితం యాడున్నదో యాది చేసుకునే
ముసలి గుమస్తా లెక్క.

నేను టవర్ క్రేన్ నడుపుత.
అరవై మీటర్ల మీద గాజు డబ్బా.
కాంక్రీటు బండి ఆలస్యమైతే
పది నిమిషాలు, ఒకోపారి ముప్పావు గంట
ఖాళీగ ఆకాశంల కూసుంట.
ఆ ఎండకు ఫోను నల్లటి అద్దమైతది,
నా మీసమే నాకు కనబడతది.
ఈ పలకలు అట్ల కాదు,
ఎండ ఎంత కొడితే అంత తేట.
ఆడికి రెండూ సమానమే.

రాత్రి కాడనే పేచీ.
రూముకు ఎనిమిది మందిమి, పదింటికి లైటు బందు.
కింది మంచం రాజలింగన్నకు చదువు రాదు.
"ఏమాయె తమ్మీ ఆ దొంగ సంగతి" అని
రోజూ కాలుతోని నా మంచం చెక్క తంతడు.
దీపం ఉంటెనే ఆయనకు మిగతా కథ.

అందుకే నలభై రెండు దిక్కే చెయ్యి పోయింది.
పైసలు లెక్కపెట్టబోయి, ఎందుకో,
"ఒకపారి నా పేరు రాసి చూస్త" అన్న.

కిష్‌టయ్‌య.

ష కింద ఉండాల్సిన ట
పక్కకు వచ్చి నిలబడ్డది,
విమానం దిగినంక పెట్టె దొరకనోని తీరు.
పుస్తకం తెరిస్తే అందులనూ అదే వరస:
కష్‌టం, ఉప్‌పు, అన్‌నం.
నత్తి నత్తిగ అన్‌నం.

"చిన్న ప్రాబ్లం భాయ్, అప్‌డేట్ వస్తది."
"మీ మలయాళం తెరువు, చూద్దాం" అన్న.
తెరిచిండు. చూసిండు. మాట్లాడలే.

నా పేరు విరిగిపోవుడు నాకు కొత్త కాదు.
అరబ్బీల ట లేదు,
సైటు మీద అందరికీ నేను కిస్తయానే.
పలుకుత. నెల తిరిగితే జీతం పడుతది గద.

పోయిన ఏడు గేటుకు పెద్ద బోర్డు వచ్చింది.
అరబ్బీ అక్షరాలు దేనికదే, విడివిడిగ,
పైగా ఎడమ నుంచి కుడికి.
మాకెవరికీ తెలువలే.
సూపర్‌వైజర్ ఖల్ఫాన్ బండి ఆపి, దిగి,
శానసేపు చూసిండు.
ఎన్నడూ గొంతు లేవనోడు
ఆ పొద్దు నా క్రేనుతోనే దాన్ని పీకించిండు.
"చేతులు పట్టుకోకపోతే ఇవి అక్షరాలు కావు, కిస్తయా."
బోర్డుకు ఇంత లొల్లా అని
పైన గాజు డబ్బాల నవ్వుకున్న అప్పుడు.

ఇరవై తొమ్మిది దాంట్ల మళ్ల రాసిన.
నల్లగ కన్ను మూసింది.
తెరిచింది.

కిష్టయ్య.

షంషీర్ బిల్లు రాసిండు. నేను ఇంకా దాన్నే చూస్తున్న.

ఎదురు దుకాణంల తలకు కట్టుకునే లైటు దొరికింది,
రెండున్నర రియాళ్లు.
బస్సుల రాజలింగన్న దాన్ని తన నెత్తికే కట్టుకొని
కిటికీ అద్దంల అటూ ఇటూ చూసుకున్నడు.
"ఎలుగు నేను పడుత, నువ్వు చదువు."

ఇప్పుడు పది దాటినంక
కింది మంచానికి దుప్పటి కట్టుకొని ఇద్దరం.
పేజీ మార్చినప్పుడల్లా అది కన్ను మూస్తది.
ఆయన తల వంచి చూసి అడుగుతడు:
"పన్నదా?"
"లేదన్నా. యాది చేసుకుంటున్నది."