తరుగు

రేషన్ కార్డుల మల్లయ్యను,
చర్చి రిజిస్టరుల మత్తయిని.
సుంకం వసూలు చేసెటోని పేరు నీకు పెడుతున్న అని
బాప్తిస్మమిచ్చిన ముసలి అయ్యగారు నవ్విండట.
ఎనుమాముల యార్డుల ఏ పేరుతోటీ పని లేదు,
ఓ దడ్వాయీ అంటే పలుకుత.

జెండా పాట అయిపోంగనే నా పాట.
బస్తా ఎక్కుతది, అంకె ఎర్రగ ఆడి ఆగుతది,
నేను ఒర్రుత, గుమాస్తా రాస్తడు.
ముప్పై ఏండ్లు, ఎన్ని వేల క్వింటాళ్లో.
సొంతానికి గుంటెడు చెలక లేదు.
తేజ మిర్చి ఘాటు రొమ్ముల పేరుకున్నది,
ఇంటికి తెచ్చుకున్న పంట అదొక్కటే.

శ్రమదినాలు. శుక్రవారం రాత్రి
దేశాయిపేట రేకుల చర్చిల
కొత్తగ చదువుకొని వచ్చిన పిలగాడు వాక్యం చెప్పిండు:
బతుకు ఉత్త పొగ, పిడికిట్ల పట్టలేం.
నేను దగ్గిన.
ఉత్త పొగైతే రోజూ నేను తూచేదేంది?
అడుగుదామనుకునేసరికి కానుక సంచి ముందుకొచ్చింది,
పది రూపాయలేసిన.

సోమవారం ఒకామె వచ్చింది,
తాడ్వాయి దిక్కు నుంచి, పన్నెండు బస్తాలు.
రాత్రంత ట్రాలీల వాటి మీదనే పండుకున్నదట,
జుట్టు నిండ తొడిమెలు.
అడ్తిదారు నా దిక్కు చూసిండు.
ఆ చూపు నాకెరుకే: తేమున్నది,
బస్తాకు రెండు కిలోలు తియ్యి.
తీసే నోరే నాది.
నలభై ఒకటిని ముప్పై తొమ్మిదనే నోరు.
అదే నోటితోటి ఆదివారం రొట్టె తీసుకున్న.

ఏమైందో చెప్పరాదు. దర్శనం గిర్శనం లేదు.
ఆమె వేళ్లు చూసిన, గంతే.
గోర్ల సందుల ఎరుపు.
మేకు దిగిన ఎరుపేం కాదు, మిరపకాయ ఎరుపే,
అయినా నా నోరు నలభై ఒకటి అన్నది.
గుమాస్తా కలం ఆగింది.
నలభై ఒకటి, మళ్లన్న.
పన్నెండు సార్లు ఉన్నదున్నట్టు ఒర్రిన.

ఆమెకు తెలువనే తెలువది.
తక్‌పట్టీ కొంగుల ముడేసుకొని
ములుగు బస్సు దొరుకుతదా అని అడిగి పోయింది.
పోతపోత, కిందరాలినయి ఏరి
నా తువ్వాలల పిడికెడు పోసింది,
హమాలీలకు పోసినట్టే.

ఐదు రోజులు నన్ను కాంటా కాడికి పిలువలె.
గోడ నీడకు కూసొని లెక్కేసుకున్న:
ఇరవై నాలుగు కిలోలు. ఐదు వేలు కూడ కాదు.
పక్క కాంటా మీద తరుగు తీస్తనే ఉన్నరు.
మరి నా ముప్పై ఏండ్ల తరుగో?
నాలుగంతలు తిరిగియ్యమంటె
ఏ ఊరికని పోను, ఏ ఇల్లని అడుగుదు?
యేసయ్యా, ఇది నువ్వే చూసుకోవాలె అన్న.
జవాబు రాలె. గోడెనక లారీ హారను.
కాని ఆ ఇరవై నాలుగు కిలోలు మాత్రం
లోపట ఒక బస్తా లెక్క నిలబడ్డయి,
కుట్టు ఊడకుండ.

సువార్త ఆ పిడికెడు కాయలు
ఎల్లిగడ్డేసి రోట్ల దంచింది.
ఇల్లంత కారం లేచింది. మనుమరాలు కెజియ తుమ్మింది,
నేను దగ్గిన, ప్రార్థన నడుమనే ఆగింది.
బతుకు ఉత్త పొగ అన్నడు గదనే ఆ పిలగాడు, అన్న.
ఆమె కండ్లు కొంగుతోటి తుడుసుకుంట
కండ్లల్ల నీళ్లు తెప్పించేది పొగనే గదా అన్నది.
అని, నా పళ్లెంల అన్నం
తూచకుండ పెట్టింది.