కొసరు

రామతీర్థం దగ్గర హేచరీలో
పదకొండేళ్లుగా నా పని రొయ్యపిల్లల్ని ఎంచడం.
తెల్లగిన్నెలో చెంచాడు నీళ్లు,
నీళ్లలో కనురెప్ప వెంట్రుకల్లాంటివి,
వాటికి కళ్లు మాత్రం నల్లగా.
లారీ వేసుకొచ్చిన రైతుకు
వందకు ఇరవై కొసరేసి సంచులు కడతాం.
కొసరు లేకుండా ఎవడూ కొనడు.

నెల్లూరు పొగతోటలో డాక్టరమ్మ తెర మీద చూపించింది,
ఎడమ తొమ్మిది, కుడి ఏడు.
పదహారా! అన్నాను.
ఇప్పుడే ఎంచొద్దమ్మా అంది.
ఎంచకుండా ఉండటం నాకు చాతనైతే గదా.

పది రోజులు పొట్టమీద సూదులు.
హేచరీ ఫ్రిజ్జులో ఆర్టీమియా డబ్బాల పక్కన నా మందు.
బ్లోయరు విప్పి బిగించే చేతులు మాలకొండయ్యవి,
వేలెడు సూదికి వణికినాయి.

ఆఖరుది రాత్రి పదిన్నరకి, నిమిషం అటూ ఇటూ కాకూడదన్నారు.
మరదలి సీమంతం నించి వస్తా ఉన్నాం.
బకింగ్‌హాం కాలవ వంతెన మీద బండి ఆపి
సెల్లు నోట కరిచి ఆ వెలుగులో పొడిచాడు.
నా చేతికి రాసిన గంధం ఇంకా ఆరలేదు.

ముప్పయ్యారు గంటలకి మత్తు.
లేచేసరికి పదహారు పన్నెండయినాయి.
పండినవి తొమ్మిదేనంట.
గాజు సూదితో ఒక్కో గుడ్డులోకి
మాలకొండయ్య కణం ఒక్కటే, ఏరి పంపారంట.
ల్యాబులో బుచ్చి పిల్ల షాహీన
పొద్దున్నే ఫోను చేసేది.
ఆరు కలిసినాయక్కా.
మూడోనాడు, నాలుగక్కా.
ఐదోనాడు కాసేపు మాట్లాడలేదు.
రెండు.

తొట్టి తొట్టే రాత్రికి రాత్రి తేలిపోతే
బ్లీచింగు కొట్టి కడిగేస్తాం,
ఆరు లక్షలు అని పుస్తకంలో రాసి సంతకం పెడతాను.
నాలుగు రెండయిన రోజు
అన్నం కలిపి, తినకుండా లేచాను.

ఒకదాన్ని లోపల పెట్టారు.
తెరమీద రవ్వంత తెల్లటి మెరుపు, అంతే.
పద్నాలుగు రోజులు ఇసకలో
అడుగు తీసి అడుగేశాను.
దగ్గొస్తే ఆపుకున్నాను, ఎందుకో.

రక్తం కాగితంలో అంకె రెండు కూడా లేదు.
ఎదురు కొట్లో మాలకొండయ్య రెండు టీలు చెప్పి
రెండూ తనే తాగాడు.
షాహీన మెట్ల దాకా వచ్చింది,
ఇంకోటుంది గదక్కా, అంది
కొసరు గుర్తుచేసినట్టు.

ఇప్పుడు రోహిణీ కార్తె.
షెడ్డు రేకులు టపటపమంటున్నాయి.
పొగతోటలో స్టీలు క్యానులో
సున్నాకి నూటతొంభయ్యారు కింద ఒకటుంది,
దానికి ఎండా లేదు, వానా లేదు,
నెలనెలా అద్దె మాత్రం ఉంది.

ఈ సాయంత్రం కొత్త ఆర్టీమియా డబ్బా తెరిచాను.
ఏ దేశపు ఉప్పుకయ్య గుడ్లో,
ఎన్నేళ్లనించి ఎండి కూచున్నాయో, ఇటికపొడిలాగా.
ఉప్పు చూసి నీళ్లలో పోశాను.
గాలి వదిలాను, లైటేశాను.
తెల్లారేదాకా గిన్నె ముంచను.
ఎంచను.