ఎగువ పడవ ముందు

పగలు ఏ తప్పూ జరగదు.
నేనే కూర్చుని ఒక్కో స్క్రిప్టూ నడిపితే
రెండూ బుద్ధిమంతులే.
రాత్రి పన్నెండున్నరకి,
మండపేట రోడ్డు మీద ఊక లారీలు మాత్రమే కదిలే వేళ
రెండు కాటాల లెక్కలూ మోసుకుని
రెండూ ఒకేసారి లేస్తాయి,
ఒకే పట్టికలో చెయ్యి పెడతాయి.

యాళ్ళ సూరమ్మ. మూడెకరాల కౌలు, దాళ్వా పంట.
"నూటపద్దెనిమిది బస్తాలు తోలానండి.
మీ కంప్యూటరేమో తొంభై ఒకటంటంది."
కేకలెయ్యలేదు. నాకు భయం వేసింది అందుకే.
కొంగు ముడి విప్పి రసీదులు పరిచింది,
ఒకదాని మీద అంకెలు వానకి కరిగి
ఊదారంగు మరక.

క్వెరీ తప్పా అని చూశాను. కాదు.
సర్వరుని తిట్టాను, ఇండెక్సుని తిట్టాను,
కాటా దగ్గర కుర్రాడు పోశిబాబుని అనుమానించాను,
అడిగేశాను కూడా.
(ఆ రోజు నుంచీ వాడు నాకు టీ తేవడం మానేశాడు.)

నాలుగో రాత్రి రెండు లాగులూ పక్కపక్కన పరిచాను.
సెకనులో చిన్న ముక్క దగ్గర దొరికింది.
ఇది అరవై చదివింది.
అదీ అరవయ్యే చదివింది.
ఇది ఇరవై ఏడు కలిపి ఎనభై ఏడని రాసింది.
అది ముప్ఫై ఒకటి కలిపి తొంభై ఒకటని
దాని మీదే రాసింది.
ఎవరూ అబద్ధమాడలేదు.
ఇరవై ఏడు బస్తాలు మాత్రం
చప్పుడు లేకుండా ఆ సందులో జారిపోయాయి.

సరే, లాక్ వేశాను.
చదివే ముందు వరసని పట్టుకో, రాశాక వదులు.
ఆ రాత్రి ఫోను పక్కన పడేసి పడుకున్నాను.
తెల్లారి చూస్తే ఏదీ కదల్లేదు.
ఇది రైతు వరస పట్టుకుని మిల్లు వరస కోసం,
అది మిల్లు వరస పట్టుకుని రైతు వరస కోసం,
బంతిలో నెయ్యిగిన్నె ఒకడు, గరిటె ఒకడు పట్టుకుని
"నువ్వియ్యి" "కాదు, నువ్వియ్యి" అంటుంటే
విస్తట్లో అన్నం చల్లారిపోయినట్టు.
బయట కాటా ముందు ఇరవై రెండు ట్రాక్టర్లు.

బుర్ర పనిచెయ్యక మధ్యాహ్నం కాలవ గట్టుకి పోయాను.
లస్కరు గెడ్డం ఏసుపాదం
పాత లాకు తలుపుకి గ్రీజు రాస్తున్నాడు.
పడవలు ఆగిపోయి ఎన్నేళ్ళో. అయినా రాస్తాడు.
నా తెర మీద రాత్రంతా మెరిసిన మాటే
ఇక్కడ తుప్పు పట్టి, నాచు పట్టి,
నీళ్ళలో సగం మునిగి ఉంది.

"అప్పట్లో ఎదురెదురుగా రెండు పడవలొస్తే?"
"ఎగువ పడవ ముందండి."
"దిగువ పడవలో పెద్దోళ్ళుంటే?"
"మునసబున్నా సరే, ఆగాల్సిందే, ఆయ్."
"ఎందుకలాగ? దిగువది ముందు పోతే ఏం?"
గ్రీజు చెయ్యి లుంగీకి తుడుచుకున్నాడు.
"ఏం కాదమ్మా. ఏదో ఒకటి అనుకోవాలి కదా.
అనుకున్నాక అందరికీ అదే అవ్వాలి. అంతే."

పరిగెత్తలేదు, నడిచే వచ్చాను. ఎండ అలాంటిది.
రెండు స్క్రిప్టుల్లోనూ
ముందు రైతు, తర్వాత మిల్లు.
మూడు లైన్లు కిందివి పైకి జరిపాను.
ఆ రాత్రి పోశిబాబు కూడా మేలుకున్నాడు, పిలవకుండానే.
ఒంటిగంటా పదికి రెండూ పని ముగించి వెళ్ళిపోయాయి.

సూరమ్మ ఇరవై ఏడూ లాగులో ఉన్నాయి, కలిపేశాను.
కానీ నేను లాగు పెట్టక ముందు
తొమ్మిది రాత్రులున్నాయి.
ఎవరివి పోయాయో, ఎన్ని పోయాయో
ఏ క్వెరీ చెప్పదు.

"మా తలుపెనక చూడండి" అంది సూరమ్మ.
బస్తా లేచినప్పుడల్లా ఒక బొగ్గు గీత,
అయిదో గీత అడ్డంగా.
నూటపద్దెనిమిది.
ఒక్కదాని మీద ఇంకొకటి పడలేదు.

రేపట్నుంచి స్కూటరేసుకుని ఊరూరా తిరగాలి.
తలుపుల వెనకాల చూడాలి.
కొందరు ఈపాటికి సున్నం కొట్టించే ఉంటారు.