సూడి చుక్క

మర్రిగూడ సంతల గొర్రెను బేరం చేసేటప్పుడు
మా పెద్దనాయన బీరయ్య కండ్లు మూసుకుంటడు.
మెడ తిరగదు ఆయనకు.
నలభై ఏండ్ల బోరునీళ్లు ఎముకలల్ల గట్టిపడ్డయి.
మొగులు దిక్కు చూసి ఎన్నేండ్లాయె అని అడిగితే
"కిందిదే సాలు బిడ్డా" అంటడు.
గొర్రెకు గంట కట్టి ఎదురుంగ నడిపిస్తరు.
వస్తుంటే ఒక తీరు, పోతుంటే ఒక తీరు.
ఆ తేడాల ఆయనకు కడుపుల పిల్ల వినపడ్తది.
"సూడిదే. బరువు ఇంతకు తగ్గదు."
ఇంతే అని మాత్రం ఎన్నడూ అనడు.

పెద్దమ్మ మల్కమ్మ ఎడంగ నిలబడ్తది.
చప్పుడుతోని ఆమెకు పనిలేదు.
నడుము ఎటు ఊగింది,
బెత్తెడా, జానెడా, గంతే.
ఇద్దరి మాట కలిసినంకనే
రుమాల కింద వేళ్లు కలుస్తయి.

నేను దేవరకొండ కాలేజీల
గంటల లెక్కన పాఠం చెప్పేదాన్ని.
రాత్రిపూట ఒక చుక్క వెంట పడ్డ.
పేరు లేదు దానికి, బారెడు నంబరుంది.
ఎక్కడిదో కొండ మీది అద్దం
దాని వెలుగును రంగులుగ చీరి
నడుమ నల్లగీతలు పట్టింది.
గీతలు ఎరుపు దిక్కు జరుగుతయి, మళ్ల నీలం దిక్కు,
నాలుగేండ్లకు మొదటికొస్తయి.
పోవుడు, వచ్చుడు.
ఏదో ఉన్నది దాని పక్కన.
బరువు ఇంతకు తగ్గదు.
గ్రహం అని రాసుకున్న,
పెన్సిలుతోనే.

గాలి లేని చోట తిరిగే దుర్భిణి
అదే చుక్క పక్కకు ఊగుడు కొలిచింది.
చందమామ మీద ఒక మనిషి నిలబడితే
ఇక్కడికి ఎంత కనపడ్తడో, అంత ఊగుడు.

ఇంటర్ పేపర్లు దిద్దుకుంట దిద్దుకుంట
రెండు లెక్కలు ఒక్క కాగితం మీదికి తెచ్చిన.
దాని బాట మనకు ఎదురుంగ
పరిచిన పళ్లెం తీరున ఉన్నది.
మన దిక్కు వచ్చుడు కొంచెం, పక్కకు ఊగుడే శానా.
బరువు పెరిగింది, పెరిగింది,
అరవై గురుగ్రహాల కాడ ఆగింది.
గ్రహం కాదు.
చుక్క కావాల్నని కూడి
మండలేక సల్లబడ్డ ముద్ద.
పెన్సిలు మాట చెరిపిన.
కాగితం మీద దాని గాటు పోలే.

ఐతారం పోయి చెప్పిన.
"గంట అబద్ధమాడిందా?" అన్నడు పెద్దనాయన.
"లే. ఇంతకు తగ్గదన్నది. తగ్గలే."
"మరింకేంది?"
మల్కమ్మ కందులు చెరుగుతున్న చాట ఆపి
"మండకపోతే మండకపాయె,
అంత పెద్దదాన్ని గుంజుతున్నదా లేదా?" అన్నది.

చీకటి పడ్డంక
తాంబాళంల నీళ్లు పోసి ఆయన కాళ్లకాడ పెట్టింది.
నీళ్లల్ల నాలుగైదు చుక్కలు వణికినయి.
"ఇండ్ల ఏదది?"
"కంటికి ఆనది పెద్దనాయన."
"అట్లనా" అని
కండ్లు మూసుకున్నడు.