పొర మారే చోట

గంటా పన్నెండు నిమిషాల దగ్గర
ఆగిపోతోందట.

పార్క్‌లేన్, సీటీసీ రెండో అంతస్తు,
మెట్ల పక్కన నా కొట్టు.
తడిసిన కవర్లో డిస్కు పట్టుకొచ్చాడు
పార్సిగుట్ట బాలనర్సయ్య,
పెళ్లి బ్యాండులో క్లారినెట్.

"జమేదారోళ్ల బరాత్ సారూ.
పిలగాడు గుర్రమెక్కుతడు, తాషా మోగుతది,
నేనిట్ల క్లారినెట్ ఎత్తుత,
గంతే. బొమ్మ గడ్డకడ్తది.
బుగ్గలు ఉబ్బే ఉంటయ్, సప్పుడు రాదు."

నా కంప్యూటర్లో పెట్టాను. ఆడింది.
బుగ్గలు ఉబ్బాయి, పాటా వచ్చింది.
అతను తెరకేసి కాదు, నాకేసి చూశాడు
నేనేదో దాచినట్టు.

ఎలా చెప్పను?
ఇందులో రెండు పొరలు నర్సన్నా.
కంటికి దగ్గరిది సగం అద్దం, సగం కిటికీ.
వెలుగు దాన్ని దాటి లోపలికి పోవాలి,
చదువుకుని, మళ్లీ దాన్నే దాటి బయటికి రావాలి.
పోతూ కొంత, వస్తూ కొంత సుంకం కట్టి
తిరిగొచ్చేసరికి గుప్పెడు మిగలదు.
ఫ్యాక్టరీ వాళ్లు గుంటలు అచ్చుగుద్దుతారు.
మనం రంగు మీద వాతలు పెడతాం.

మొదటి పొర నడుమ నుంచి అంచుదాకా నడుస్తుంది.
అంచున చూపు లోతు మార్చుకుని
వెనక్కి మళ్లాలి, ఆఖరి స్టాపులో
బోర్డు తిప్పుకునే ఎనిమిది-ఏ బస్సులాగ.
మీ ఇంటి ప్లేయరు
అక్కడ దిగి నిలబడిపోతుంది.

అంతా విని ఒకటే అడిగాడు:
"మరి దుకాణంల కొన్న సీన్మ
గదే డబ్బల ఎట్లాడుతుంది?"

అక్కడ తడబడ్డాను.
బొమ్మకన్నా ముందు, డిస్కు మొదట్లో
చిన్న గడి ఒకటి ఉంటుంది.
నువ్వెవరి దానివి అని అడిగే గడి.
అచ్చయిందా, ఇంట్లో కాల్చిందా.
కొన్ని ప్లేయర్లు అది చూసి
గుమ్మంలోంచే తిప్పి పంపుతాయి.
కొన్ని అరుగుదాకా రానిస్తాయి,
లోపలికి మాత్రం కాదు.

ఆ గడి మార్చొచ్చు.
కాల్చేటప్పుడు బర్నరుకి ఒక మాట చెబితే
ఫ్యాక్టరీ పేరే రాసేస్తుంది.

వనస్థలిపురంలో ఇల్లు వెతికిన ఏడు
మూడు గుమ్మాల్లో "మీరేమిట్లండీ?" అన్నారు.
నాలుగో గుమ్మంలో ఇంటిపేరు మింగేసి
ఇంకోటి చెప్పాను.
మంచినీళ్లిచ్చారు, తాళంచెవి చేతిలో పెట్టారు.
పదకొండు నెలలు
ఆ పేరు మీదే అద్దె రసీదులు.
ఎక్కడా ఆగకుండా ఆడాను.

నర్సన్నకి ఇది చెప్పలేదు.
గడి మార్చాను. వేగం తగ్గించాను,
కంగారుపడితే రంగు సరిగా కాలదు.
నలభై అయిదు నిమిషాలు.
మధ్యలో కరెంటు పోయి,
యూపీఎస్ కూడా చేతులెత్తేసి
నూటాయాభై రూపాయల డిస్కు ఒకటి చచ్చింది.
రెండోది కాలుతున్నంతసేపూ
బల్ల మీద అతని వేళ్లు
లేని రంధ్రాలు మూస్తూ తెరుస్తూ ఉన్నాయి.

మర్నాడు మళ్లీ వచ్చాడు.
"అరుగు దాటింది సారూ.
గని ఒక్క ఊపు ఊదినంక మళ్ల గదే కథ."

కన్ను మసకబారింది నర్సన్నా, దానికి మందు లేదు.
రెండు మామూలు డిస్కులుగా విరగ్గొట్టి ఇస్తా,
పొర దాటే పనే ఉండదు,
మధ్యలో లేచి మార్చుకోవాలి, అంతే.

"ఒద్దు. ఎట్లాగూ లేస్తున్న కద,
ఆగినకాడికెల్లి నేనే అందుకుంటున్న.
పిలగాండ్లకు గదే మజా అయింది,
ఎప్పుడాగుతదా అని సూస్తున్నరు."

చచ్చిన డిస్కుకి కూడా లెక్కకట్టి
నోట్లు బల్ల మీద పెట్టాడు.
రసీదు రాసిచ్చాను. వెనకా ముందూ తిప్పి చూసి
"ఇంటిపేరేంది సారూ, దీని మీద లేదు?"

చెప్పాను.
అసలుదే.

సరేనని తలూపి
మోకాలు పట్టుకుని మెట్లు దిగాడు.
బర్నర్లో ఇంకెవరిదో పెళ్లి,
నలభై ఒక్క శాతం.